గారీ కిల్డాల్: ఇంటి కంప్యూటర్లకు భాష నేర్పిన ఉపాధ్యాయుడు

విశాఖపట్టణపు లోపలి రేవునకు ఏ దేశపు ఓడ వచ్చినను, డాల్ఫిన్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకు కాలువలోనికి దానిని నడిపించుటకు రేవు పైలట్ ఎక్కవలసినదే. ఇచ్చటి లోతుపాతులు ఆతనికి తెలియును. వచ్చు ఓడకు తెలియనక్కరలేదు. ఇట్టి ఉపాయముతోనే కంప్యూటర్లను సామాన్యుల యిండ్లకు చేరువ చేసినవాడు గారీ కిల్డాల్.

ఆయన 1942 మే 19న అమెరికాలోని సియాటిల్ రేవుపట్టణమున జన్మించెను. తండ్రి నావికులకు సముద్రయానశాస్త్రము బోధించు పాఠశాలను నడుపుచుండెను. గారీయు కొంతకాలము అచ్చట పాఠములు చెప్పెను. పిదప వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున చదివి 1972లో డాక్టరేటు పొందెను. మాంటెరేలోని నౌకాదళ ఉన్నత విద్యాలయమున ఉపాధ్యాయుడుగా పనిచేసెను.

ఆ దినములలో కంప్యూటరు సంస్థలకే గాని గృహస్థులకు అందునది కాదు. ఇంటెల్ సంస్థవారు గోరంత మైక్రోప్రాసెసరును తయారు చేయగా, దానితో బల్లపై ఇముడు కంప్యూటరును నడపవచ్చునని కిల్డాల్ గ్రహించెను. 1974లో మిత్రుడు జాన్ టొరోడ్ ఫ్లాపీ డిస్కును నడుపు పరికరమును కూర్చెను. ఆ డిస్కుపై ఫైళ్లను భద్రపరచి, కోరినప్పుడు వెదకి యిచ్చు 'సీపీ/ఎం' అను ఆపరేటింగ్ సిస్టమును కిల్డాల్ రచించెను. భార్య డొరతీతో కలసి దానిని విక్రయించుటకు ఒక సంస్థను స్థాపించెను.

1975లో ఆల్టెయిర్ వెలువడినది మొదలు, అభిరుచి గలవారు ఇండ్లలోనే కంప్యూటర్లను కూర్చుకొనసాగిరి. ప్రాసెసరు ఒకే జాతిదైనను, తక్కిన అమరిక ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. ప్రతిదానికిని సీపీ/ఎంను సవరించుట పెద్ద శ్రమ. అందుచే కిల్డాల్ యంత్రమును బట్టి మారు భాగమును వేరుచేసి, దానికి 'బయోస్' అని పేరిడెను. అదియే రేవు పైలట్. క్రొత్త యంత్రమునకు ఆ చిన్న భాగమును మాత్రము వ్రాసిన చాలును. తక్కిన వ్యవస్థ మారనక్కరలేదు. వర్డ్‌స్టార్ వంటి ప్రోగ్రాములు పలు సంస్థల యంత్రములపై నడచుట దీని ఫలమే.

1980లో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరుకై కిల్డాల్ సంస్థను సంప్రదించెను, ఒప్పందము కుదరలేదు. ఆ అవకాశము మైక్రోసాఫ్టునకు దక్కెను. సీపీ/ఎం పోలికలతో టిమ్ పాటర్సన్ వ్రాసిన వ్యవస్థను ఆ సంస్థ కొని అందించెను. పిదప ఐబీఎం సీపీ/ఎంను గూడ అమ్మినను, దాని వెల 240 డాలర్లు. పోటీదాని వెల 40. కొనువారు దేనిని ఎన్నుకొనిరో చెప్పనక్కరలేదు.

కిల్డాల్ బోధనాభిలాష మాత్రము తరుగలేదు. 1983 నుండి కొన్నేండ్లు 'కంప్యూటర్ క్రానికల్స్' అను టెలివిజన్ కార్యక్రమమున ప్రేక్షకులకు ఈ విద్యను పరిచయము చేసెను. 1991లో సంస్థను నోవెల్‌కు అమ్మెను. 1994 జూలై 11న, 52వ యేట, మరణించెను.

ఆయనకు దక్కని విపణిలోని యంత్రములందును 'బయోస్' అను పేరు దశాబ్దముల పాటు నిలిచెను. పాత కంప్యూటర్లను బాగుచేసి సీపీ/ఎంతో నడుపు ఔత్సాహికులు నేటికిని కలరు. రేవు చేరిన ఓడ పైలట్ పేరును తలపదు. విద్యార్థి తలపవలెను.