తాండ్ర పాపారాయుడు

పదునెనిమిదవ శతాబ్దమున బొబ్బిలి, విజయనగరములు ఇరుగుపొరుగు సంస్థానములు. వానికి పొత్తు కుదిరెడిది కాదు. ఏటినీటి తగవులు తరచుగా రేగుచుండెడివి. బొబ్బిలి ప్రభువు రాజా గోపాలకృష్ణ రంగారావు. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు. తాండ్ర పాపారాయుడు బొబ్బిలి సేనాని. రంగారావు భార్యయగు మల్లమదేవి ఇతని తోబుట్టువని కథలు చెప్పుచున్నవి. ఇతడు రాజాము కోటలో నుండెడివాడు.

1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి వశమయ్యెను. వారి సేనాపతి బుస్సీ పన్నులు రాబట్టుటకై సేనతో నీ ప్రాంతమునకు వచ్చెను. విజయరామరాజు ఆతని ప్రాపు సంపాదించి, తన పగ తీర్చుకొనుటకు ఫ్రెంచి ఫిరంగులను బొబ్బిలివైపు త్రిప్పించెను. కోటను విడిచినచో వేఱొకచోట భూము లిత్తుమని రంగారావునకు కబురు వచ్చెను. పెద్దలు కట్టిన కోటను ఆతడు విడువ నొల్లలేదు.

1757 జనవరి 24వ తేదీన యుద్ధము జరిగెను. ఫిరంగులకు గోడలు బ్రద్దలయ్యెను. బొబ్బిలివీరులు ఆ గండ్లకు తమ దేహములనే అడ్డువెట్టిరి. గెలుపు లేదని తెలిసిన పిదప, ఆడువారును బిడ్డలును శత్రువుల చేత జిక్కరాదని, వారిని తమవారే చంపి యిండ్లకు నిప్పు పెట్టిరి. రంగారావు పోరుచు నేలకొరగెను. ఆతని కుమారుడు, పసివాడు, మాత్రము దక్కెను. లోపలి శవములను జూచి బుస్సీ సైనికులే నివ్వెఱపోయిరట.

ఇంత జరుగుచుండగా పాపారాయుడు కోటలో లేడు. రాజాము కొన్ని కోసుల దూరముననే యున్నది. కాని సహాయము కోరిన జాబు త్రోవలో శత్రువుల పాలయ్యెనని జనశ్రుతి. ఆతడు వచ్చునప్పటికి బూడిద మిగిలినది.

యుద్ధమైన మూడవ రాత్రి ఇరువురు బొబ్బిలి యోధులు విజయరామరాజు డేరాలో జొరబడి ఆతనిని పొడిచి చంపిరి. దేహముపై ముప్పదిరెండు గాయము లుండెనని ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ వ్రాసినాడు. ఆ ఇరువురును అచ్చటనే మరణించిరి. వారిలో మొదటివాడు పాపారాయుడని తెలుగుదేశ మెల్ల నమ్మినది.

నిదురించువానిని చంపుట శౌర్యమగునా యని మా తరగతిలో పిల్లలు పలుమాఱు అడిగినారు. అడుగవలసిన ప్రశ్నయే. ఆ చావుతో పగ తీరెను గాని పోయిన ప్రాణము లొక్కటియు తిరిగి రాలేదు. రాజకీయము మాత్రము మాఱినది: విజయరామరాజు పిదప వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారిని విడిచి ఇంగ్లీషువారిని పిలిచెను. 1758 డిసెంబరులో చందుర్తికడ ఫ్రెంచివా రోడిపోయిరి.

దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము రచించెను. వేదము వేంకటరాయశాస్త్రిగారు నాటకము వ్రాసిరి. నాజరుగారి బుఱ్ఱకథ ఊరూర మ్రోగినది. 1964లో వచ్చిన బొబ్బిలి యుద్ధము చలనచిత్రమున ఎస్.వి. రంగారావు పాపారాయుడుగా నటించిరి. 1986లో ఆ వీరుని పేరనే మఱియొక చిత్రము వచ్చినది.

మా చోడవరమున చిన్ననాడు నేను బుఱ్ఱకథను వింటిని. కోట పడుచున్న ఘట్టము నడచుచుండ, వెనుక వరుసలోని ముసలివా రొకరు లేచి రాజాము త్రోవవైపు చేయి యెత్తి, ఇంకను రాడేమని గట్టిగా కేక వైచిరి. ఎవ్వరును నవ్వలేదు.