పక్షుల పేర్లు అడిగి రాసుకున్న డాక్టరు – జెర్డన్

పర్యావరణ పరిరక్షణ అనగానే మనకు మొక్కలు నాటడం, వ్యాసరచన పోటీలు, ర్యాలీలు గుర్తుకొస్తాయి. సూళ్లూరుపేటలో పక్షుల పండుగ జరిగినప్పుడు బ్యానర్లు పట్టుకుని నడిచినవాళ్ళం మనలోనూ ఉన్నాం. అయితే ప్రకృతిని కాపాడేవాడంటే నిజంగా ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ, సుమారు 180 ఏళ్ళ క్రితం మన నెల్లూరులో ఉద్యోగం చేసిన ఒక డాక్టరు గారి జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మీ ముందుంచుతున్నాం. ఆయన పేరు థామస్ కేవర్‌హిల్ జెర్డన్.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో జన్మించారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చదివారు. ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జనుగా చేరి 1836 ఫిబ్రవరిలో మద్రాసు వచ్చారు. మొదట గంజాం వైపు జ్వరాలతో, విరేచనాలతో బాధపడే సిపాయిలకు వైద్యం చేశారు. ఆ తర్వాత తిరుచినాపల్లి, జాల్నా వంటి చోట్ల పనిచేశారు. ఎక్కడికి బదిలీ అయినా ఆసుపత్రి పని అయ్యాక పక్షులు, జంతువులు, పాములు, చివరకు చీమలు కూడా ఆయనకు పాఠాలే. గెంతి వేటాడే ఒక రకం చీమను 1851లో మొదటిసారి శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే. 1841లో ఫ్లోరా గారిని వివాహమాడారు. ఆమెకూ మొక్కలన్నా, ముఖ్యంగా ఆర్కిడ్ పూలన్నా ఎంతో ఇష్టం.

1840ల దశకంలో జెర్డన్ నెల్లూరు సివిల్ సర్జనుగా వచ్చారు. ఇక్కడే ఆయన జీవితంలో మనం గర్వంగా చెప్పుకోవలసిన ఘట్టం ఉంది. ఈ ప్రాంతపు జీవజాలం గురించి తెలుసుకోవడానికి ఆయన యానాదుల దగ్గరికి వెళ్ళారు. ఏ పొదలో ఏ పిట్ట గూడు కడుతుందో, ఏ అడుగుజాడ ఏ జంతువుదో, ఏ పుట్టలో ఏ పాము ఉంటుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ దొరకూ తెలియదు. అప్పటికి వాళ్ళకు బడి లేదు, పలక లేదు. అయినా పెద్ద చదువు చదివిన డాక్టరు గారు వాళ్ళ దగ్గర విద్యార్థి అయ్యారు. తన పుస్తకాలలో ఎన్నో పక్షులకు ఆంగ్ల నామంతో పాటు తెలుగు పేరు కూడా రాశారు.

1843 – 47 మధ్య భారతదేశపు పక్షుల బొమ్మల పుస్తకం వెలువరించారు. అందులో 50 రంగుల బొమ్మలున్నాయి. వాటిలో చాలావరకు గీసింది మద్రాసులోని మన దేశపు చిత్రకారులే. తర్వాత 1862 – 64లో వచ్చిన ఆయన గ్రంథంలో వెయ్యికి పైగా పక్షుల వివరాలున్నాయి. ఆ రోజుల్లో మన దేశపు పక్షుల గురించి అంత పెద్ద పుస్తకం మరొకటి లేదు.

నెల్లూరు, కడప సీమల మధ్య తూర్పు కనుమల కొండ ప్రాంతంలో ఆయనకు ఒక అపురూపమైన పక్షి దొరికింది. ఎదపై రెండు పట్టీలుంటాయి, ఎగరడం కంటే పరుగెత్తడం ఎక్కువ. కలకత్తాలోని బ్లైత్ అనే శాస్త్రవేత్త 1848లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. లోకం దానిని జెర్డన్ పక్షి అంటుంది, మనవాళ్ళు కలివి కోడి అంటారు.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. జెర్డన్ పక్షులను తుపాకితో కాల్చి, చర్మం ఒలిచి, దూది కూరి భద్రపరిచారు. అప్పట్లో పక్షిని గుర్తించే పద్ధతి అదే. ఈనాటి అర్థంలో ఆయనను పరిరక్షకుడు అనలేం. కానీ పేరు తెలియని దానిని ఎవరూ కాపాడలేరు. ఆ పేర్లను, ఆ పక్షులు ఉండే చోట్లను కాగితం మీద పెట్టింది ఆయన.

అస్సాంలో జబ్బుపడి స్వదేశానికి చేరిన జెర్డన్ 1872 జూన్ 12న కన్నుమూశారు. 1900 తర్వాత కలివి కోడి ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల ప్రాంతంలో దానిని మళ్ళీ కనుగొన్నారు. ఎలాగంటే, అక్కడి పల్లెల్లో వేట తెలిసినవాళ్ళను అడిగి! రాత్రిపూట దానిని పట్టి చూపించింది ఆ ఊరివాళ్ళే. ఆ తర్వాత లంకమలను అభయారణ్యం చేశారు. ఆ పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

ఈ కథలో మనం ఆలోచించవలసిన విషయం ఒకటుంది. పుస్తకం మీద జెర్డన్ పేరుంది, పక్షికి జెర్డన్ పేరుంది. నెల్లూరులో ఆయనకు చెప్పిన యానాది తాతల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. నేలపట్టు 1976లో రక్షిత కేంద్రం కాకముందే, చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటే ఆ ఊరివాళ్ళు వాటి జోలికి పోలేదు. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలానికి ఎరువని వాళ్ళకు తెలుసు. వాళ్ళలో ఎవరూ తమను పరిరక్షకులమని చెప్పుకోలేదు.

అందుకే మాకు తోచింది ఇది: తన చుట్టూ ఉన్న ప్రాణిని గుర్తుపట్టగలిగి, దానితో పాటు బతికే మనుషుల మాటకు విలువ ఇచ్చేవాడే నిజమైన పరిరక్షకుడు. మనలో చాలామందిమి పులికాట్ ఒడ్డు పల్లెల నుండి, చెరువు కట్టల నుండి, కాలనీల నుండి వచ్చినవాళ్ళమే. మన అమ్మమ్మలకు, తాతయ్యలకు తెలిసిన పిట్టల పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. మిత్రులారా, ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు వాటిని అడిగి నోటు పుస్తకంలో రాయండి. జెర్డన్ గారు చేసిన పనే అది. పక్కనే చెప్పినవారి పేరు కూడా రాయండి. ఆయన కాలంలో జరగకుండా పోయిన ఆ పనిని మనం పూర్తి చేద్దాం.