నిమిషానికి రెండు లీటర్లు

ఆక్సిజన్‌ని కనిపెట్టినవాళ్ళ పేర్లు స్కూల్లో బట్టీ పట్టాం. దాన్ని రోగికి కొలిచి ఇవ్వడం నేర్పినాయన పేరు మాత్రం నేను ఇంజనీరింగ్‌కి వచ్చేదాకా వినలేదు. జాన్ స్కాట్ హాల్డేన్.

1860లో ఎడిన్‌బరోలో పుట్టాడు. డాక్టర్ చదివాడు గానీ క్లినిక్ పెట్టుకోలేదు, జీవితమంతా గాలి వెంటే తిరిగాడు. 1896లో వేల్స్‌లో టైలర్స్‌టౌన్ బొగ్గుగని పేలితే వెళ్ళి శవాలను పరీక్షించాడు. ఎక్కువమంది పేలుడుకి కాదు, దాని తర్వాత కమ్ముకున్న కార్బన్ మోనాక్సైడ్‌కి పోయారని తేల్చాడు. ఆ విషాన్ని అంతకుముందే తను పీల్చి, తన రక్తం తనే తీసి చూసుకున్న మనిషి మరి! గనుల్లోకి కానరీ పిట్టల్నో చిట్టెలుకల్నో తీసుకెళ్ళమన్న సలహా ఈయనదే. మనిషికంటే ముందే అవి పడిపోతాయి, మనిషి బయటపడతాడు.

కొడుకునీ వదల్లేదు. ఓసారి గనిలో పిల్లాణ్ణి నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలో ఆంటొనీ ప్రసంగం చెప్పమన్నాడు. మధ్యలోనే ఆయాసం వచ్చి కుర్రాడు కూలబడ్డాడు. కింద గాలి బాగానే ఉంది. మీథేన్ తేలిక కాబట్టి పైన చేరుతుందని పాఠం. మా నాన్న ఇలా చేసుంటే మా అమ్మ ఊరుకునేది కాదు.

1905లో ప్రీస్ట్లీ అనే సహచరుడితో కలిసి ఇంకో సంగతి చూపించాడు. (ఆక్సిజన్ ప్రీస్ట్లీ కాదు, ఈయన వేరే.) మామూలుగా మన ఊపిరి వేగాన్ని నడిపేది ఆక్సిజన్ కాదు, కార్బన్ డయాక్సైడ్. మన బ్రాంచ్ భాషలో చెప్పాలంటే, ఫీడ్‌బ్యాక్ లూప్ చూస్తున్న వేరియబుల్ మనం అనుకున్నది కాదు.

1915లో జర్మన్లు క్లోరిన్ వదిలారు. ఊపిరితిత్తులు పాడైన సైనికులు వచ్చిపడ్డారు. అప్పట్లో ఆక్సిజన్ ఇవ్వడమంటే గొట్టానికి గరాటా తగిలించి ముఖం దగ్గర పట్టడమే, చాలావరకు గదిలోకే పోయేది. 1917లో హాల్డేన్ మాస్కు, సంచి, ఎంత పోతోందో చూపే మీటరు కలిపి ఒక పరికరం గురించి రాశాడు. కాసేపు ఇచ్చి కాసేపు ఆపితే లాభం లేదు, ఆగకుండా, కొలిచి ఇవ్వాలన్నది ఆయన పట్టుదల.

రామసముద్రంలో మా అవ్వకి గుండె నీరసించింది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతోందని డాక్టర్ ఇంటికి మెషిన్ రాశారు, గదిలో గాలి నుంచే నైట్రోజన్‌ని వడగట్టేది. నిమిషానికి రెండు లీటర్లు. ఆయాసం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నాబ్ మీద చెయ్యి వేస్తారు, ఇంకొంచెం పెంచుదామని. పెంచకూడదు. ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉన్న కొందరిలో అది ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పేరుకుంటుంది. అలాగని గుండె జబ్బున్న అందరికీ ఈ మెషిన్ అక్కర్లేదు. బ్రిటన్‌లో తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళకి రోజుకి 15 గంటలు ఇవ్వమని చెప్పి చూస్తే వాళ్ళ జీవితం మెరుగైనట్టు తేలలేదని 2015లో ప్రకటించారు. ఆక్సిజన్ నిజంగా తగ్గినవాళ్ళ సంగతి వేరు. అందుకే మా ఇంట్లో నాబ్ కంటే ముందు వేలికి క్లిప్పు పెట్టి చూస్తాం.

హాల్డేన్ 75 ఏళ్ళ వయసులో పర్షియా వెళ్ళాడు, నూనె కర్మాగారాల్లో వడదెబ్బ గురించి చూడటానికి. తిరిగొచ్చాక న్యుమోనియాతో 1936 మార్చిలో పోయాడు. గనిలో కూలబడ్డ ఆ కుర్రాడే జె.బి.ఎస్. హాల్డేన్. పెద్ద శాస్త్రవేత్త అయి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. శరీరాన్ని మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు, పిల్లలు కోసి నేర్చుకోవడానికి.