కీర్తిశేషులు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ప్రతివత్సరము మన మహాసభ సమావేశమగునపుడు విద్యానిధినిగూర్చి ఒక తీర్మానము గావించుట పరిపాటియైనది. సముద్రములు దాటి చదువబోవు బాలురకు ధనసాహాయ్యము చేయవలెనని వక్తలు చెప్పుదురు. సభ్యులు కరతాళధ్వనులతో నామోదింతురు. ఆ ధనము ఎట్టివారికీయవలెను, ఇచ్చిన పిమ్మట మన బాధ్యత యెంతవఱకు అను ప్రశ్నలు మాత్రము చర్చకు రావు. ఈ రెంటికిని సమాధానమీయగల జీవితమొకటి మన యాంధ్రదేశముననే పుట్టినది. ఆయన మన సంఘమువారు కారు. అయినను, అందుచేతనే, ఆ చరిత్రమును ఈ సంచికయందు సంగ్రహముగా విన్నవించుచున్నాము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో ఉద్యోగి. అనారోగ్యముచే ముందుగనే పని విరమించిరి. సంసారము పెద్దది, రాబడి చిన్నది. బాల్యమున సుబ్బారావుగారికి చదువుపై మనసు నిలువలేదు. కాశికిబోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి బయలుదేరగా తల్లి వెంకమ్మగారు పట్టి తెచ్చి మరల బడిలో వేసిరి. మెట్రిక్యులేషను పరీక్ష మూడవమాఱుగాని చేజిక్కలేదు. భర్త గతించిన పిమ్మట ఆ తల్లి తన నగలు విక్రయించి కుమారుని చదివించిరి. పరీక్ష తప్పిన బాలుని పనికిమాలినవానిగా నెంచువారు దీనిని గమనింతురుగాక!

మదరాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఆయన గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్సాశాలయందును అదియే వేషము. అందువలన ఆచార్యుని యాగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరులలో ఇరువురను కొలది దినముల వ్యవధిలో బలిగొనెను. వైద్యము చదివినవాడయ్యు తోబుట్టువులకు మందు చెప్పలేకపోయిన దుఃఖము ఆయనను జీవితాంతము విడువలేదు. మదరాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, మందులు లేని వ్యాధులకు మందు కనుగొనవలెనన్న సంకల్పముతో అమెరికాకు బోవ నిశ్చయించిరి.

సంకల్పము కలదు, ధనము లేదు. మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థవారు సాహాయ్యము చేయుదుమని మాట యిచ్చిరి. నాయకరుగారు రంగూనులో ఆర్జించిన ధనమును స్వదేశమున ధర్మమునకై వినియోగింప జేసిన దాత. ఆయన కులము వేఱు, సుబ్బారావుగారి కులము వేఱు. విద్య నర్థించువాని యోగ్యతయే గాని కులము అచట అడ్డు రాలేదు. ఈ విషయము మన విద్యానిధి నిర్వాహకులు ప్రత్యేకముగా స్మరింపదగినది.

1923వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన ఆయన బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణమండల వైద్యశాలయందు ప్రవేశము దొరకెను గాని విద్యార్థివేతనము దొరకలేదు. మదరాసు పట్టముతో అచట వైద్యము చేయుటకు అనుమతి లేదు. కావున స్వదేశమున వైద్యుడైనవాడు అచట నొక యాసుపత్రిలో రాత్రివేళ సేవకుడై, రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనెను. పగలు పాఠము, రాత్రి పరిచర్య. ఆ విధముగా ఆ సంవత్సరము గడచి, 1924వ సంవత్సరమున డిప్లొమా చేతికి వచ్చెను.

ఇంటివారు చెల్లించిన వెల యింతకంటె గొప్పది. మూడేండ్లలో తిరిగివత్తునని భార్య శేషగిరిగారికి చెప్పి ఓడ యెక్కిరి. ఆయన వెడలిన పిమ్మట జన్మించిన కుమారుడు తండ్రి మొగమెఱుగకయే శైశవమున గతించెను. మూడేండ్లు ఇరువదియైదేండ్లయ్యెను, ఆయన మరల రాలేదు. దీనిని మేము దాచిపెట్టము, ఘనతగాను చెప్పము. విదేశవిద్యను పొగడువారు ఇంట మిగిలినవారి కన్నీటిని లెక్కలోనికి తీసికొనక తప్పదు.

ఇక ఫలముమాట. ఫిస్కేగారితో కలిసి 1925లో రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కండరములకు శక్తినొసగు ఫాస్ఫోక్రియాటిను, ఏటీపీ అను పదార్థములను కనుగొనుటలో భాగస్వాములైరి. 1930లో పి.హెచ్.డి. పట్టము వచ్చినను హార్వర్డులో స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరిరి. అచట ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను చంపిన స్ప్రూ వ్యాధికి అదియే మందయ్యెను. 1947లో హెట్రజాన్ వెలువడెను. గోదావరీతీరమున తరతరములుగా జనులను బాధించిన బోదవ్యాధిపై అది పనిచేసెను. ఆరియోమైసిను అను క్రిమిసంహారకౌషధమును, పిల్లల రక్తపు క్యాన్సరునకు ఫార్బరుగారు 1948లో ప్రయోగఫలితములు ప్రకటించిన అమినోప్టెరినును ఆ పరిశోధనాలయమునుండియే వచ్చినవి.

1948వ సంవత్సరము ఆగస్టులో, ఏబదిమూడవయేట, నిద్రలోనే ఆయన కన్నుమూసిరి. అమెరికా పౌరసత్వము పుచ్చుకొనలేదు. తుదివఱకు భారతీయులుగనే యుండిరి. 1995లో శతజయంతి సందర్భమున మన ప్రభుత్వము ఆయన పేర తపాలబిళ్ల వెలువరించెను.

మహాజనులారా! బోదకాలు మందు మ్రింగువాడు దానిని కనుగొన్నవాని కులమడుగడు. ఓడకూలికి మాట యిచ్చిన దాత కులమును అడుగడు. మన విద్యానిధి మన పిల్లలకై యేర్పడినదే, కాదనము. అయినను యోగ్యుడైన అన్యుడు వాకిటికి వచ్చినపుడు తలుపు మూయకుండుటకును, ఓడకూలి యిచ్చి ఊరకుండక విదేశమున మొదటి సంవత్సరము విద్యార్థి గ్రాసమునకును, ఇచట అతని యింటివారి క్షేమమునకును కొంత కేటాయించుటకును ఈ మహాసభ పూనుకొనవలెనని మా మనవి. రాత్రివేళ పాత్రలు కడుగుచు చదువుకొన్నవాని చరిత్ర విని మెచ్చుకొనుట సులభము. అట్టి యవసరము మఱియొక బాలునికి రానీయకుండుటయే మనము చేయదగిన పని.