బడిలో హేళన పడ్డ బాలుడు – మహాకవి గుర్రం జాషువా



జాషువా గారి పద్యాలు మనమంతా తెలుగు వాచకంలో చదువుకున్నవాళ్లమే. పరీక్షల కోసం కవి పరిచయం బట్టీ పట్టినవాళ్లమే. అందులో బిరుదులు, రచనలు ఉంటాయి. ఆయన బడి రోజులు మాత్రం ఒక్క ముక్కలో అయిపోతాయి. మన హాస్టల్ పిల్లలకు అవసరమైనది ఆ భాగమే అని నాకు అనిపిస్తుంది.

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న ఇప్పటి పల్నాడు జిల్లా వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ కులానికి చెందినది. కుటుంబం క్రైస్తవ మతంలో ఉండేది. వేర్వేరు కులాల దంపతుల బిడ్డ కావడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ సంగతి బడిలో చేరాక ఆయనకు బాగా తెలిసివచ్చింది. తోటి పిల్లలు కులం పేరుతో ఎగతాళి చేసేవారు. ఆపవలసిన ఉపాధ్యాయులే వారితో చేరి హేళన చేసేవారు. పిల్లవాడు తలవంచుకొని ఊరుకోలేదు, తిరగబడ్డాడు. కానీ ఒక్కడు తిరగబడితే ఊరి బుద్ధి మారుతుందా? మారలేదు.

అయితే ఆ వినుకొండలోనే ఇంకో రకం మనుషులు కూడా ఉన్నారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన దీపాల పిచ్చయ్యశాస్త్రి గారు ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన కూడా తరువాత కవి అయ్యారు. ఆ స్నేహంలోనే జాషువా గారికి పద్యం మీద ఇష్టం పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం వంటి సంస్కృత కావ్యాలు నేర్పారు. పదిమంది దూరం పెట్టిన పిల్లవాడిని ఈ ఇద్దరూ దగ్గరకు తీశారు.

పెద్దయ్యాక కూడా అవమానాలు ఆగలేదు. వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులం వాడిని లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. 

బతుకుతెరువు కోసం ఆయన చేయని పని లేదు. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతంతో పంతులుగా చేరారు. ఆ ఉద్యోగం పోయింది. 1915–16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన కథ, మాటలు చదివే పని చేశారు. ఆ తరువాత గుంటూరులో లూథరన్ వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పనిచేశారు. 1928 నుంచి 1942 వరకు అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. ఏ బడిలో పంతుళ్ల చేత హేళన పడ్డారో, అటువంటి బడిలోనే పంతులుగా నిలబడ్డారు.

1941లో గబ్బిలం కావ్యం వచ్చింది. అందులో గుడిలోకి ప్రవేశం లేని ఒక దళితుడు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పి పంపుతాడు. మనిషి పోలేని గుడిలోకి గబ్బిలం పోగలదు. బడిలో మొదలైన బాధ ఆయనలో ఎంత లోతున ఉండిపోయిందో ఈ ఒక్క ఊహ చాలు చెప్పడానికి.

చివరికి లోకం గుర్తించింది. పండితులలో పెద్ద అయిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు నిండు సభలో ఆయన పాదం తాకి గౌరవించారు. 1964లో శాసనమండలి సభ్యత్వం, క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జూలై 24న ఆయన కన్నుమూశారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా గదిలోకి ఆరో తరగతి పిల్లవాడు కొత్తగా వచ్చాడు. వాడి యాసను, వాళ్ల అమ్మ చీరను సీనియర్లు రోజూ వెక్కిరించేవారు. నేను వెక్కిరించలేదు, కానీ అందరితోపాటు నవ్వాను. దసరా సెలవులకు ట్రంకు పెట్టె తీసుకొని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఈరోజు పి.జి. చదువుతున్నాను. ఆ పిల్లవాడి ఇంట్లో మొదటి డిగ్రీ వాడిదే అయ్యేదేమో. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

హేళన పడిన ప్రతివాడూ జాషువా కాడు. చాలామంది చదువు మానేసి ఇంటికి వెళ్లిపోతారు. మన రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. కానీ రాత్రి లైట్లు ఆర్పాక గదిలో ఉండేది చట్టం కాదు, మనమే. కొత్తగా వచ్చిన తమ్ముడిని పేరుతో పిలవండి. అన్నం దగ్గర పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరైనా ఏడిపిస్తుంటే వద్దని చెప్పండి, వినకపోతే వార్డెన్ గారికి చెప్పండి. అది చాడీ చెప్పడం కాదు.

జాషువా అంతటి కవి కావడం మన చేతిలో లేదు. పిచ్చయ్యశాస్త్రి గారి లాంటి స్నేహితుడు కావడం మాత్రం మనలో ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉంది.