వింత ఫలాన్ని పాడిన గాయని: బిల్లీ హాలిడే

గీతం రచించడం ఒక ఎత్తు. దానిని నలుగురి ఎదుట నిలబడి పాడడం మరొక ఎత్తు. అమెరికా జాజ్ గాయని బిల్లీ హాలిడే జీవితాన్ని పరిశీలించినప్పుడు ఈ సత్యం మాకు బోధపడింది.

ఆమె 1915 ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో జన్మించి, బాల్టిమోర్ నగరంలో కటిక పేదరికం నడుమ పెరిగింది. బెస్సీ స్మిత్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ల గ్రామఫోన్ రికార్డులే ఆమెకు గురువులు. 1933లో, పద్దెనిమిదవ ఏట, ఆమె తొలి రికార్డు వెలువడింది. 1938లో ఆర్టీ షా నడిపిన తెల్లవారి వాద్యబృందంలో చేరి పేరు గడించింది. అయినా న్యూయార్కులోని ఒక హోటలులో ఆమెను సామాన్లు చేరవేసే లిఫ్టులోనే పొమ్మన్నారు.

ఇక ఆమె పేరును చిరస్థాయిగా నిలిపిన గీతం సంగతి. 1930లో ఇండియానా రాష్ట్రంలోని మేరియన్ పట్టణంలో ఒక మూక ఇద్దరు నల్లజాతి యువకులను జైలు నుండి ఈడ్చుకొనివచ్చి చెట్టుకు ఉరితీసింది. ఆ ఛాయాచిత్రం చూచి ఏబెల్ మీరోపోల్ అనే యూదు ఉపాధ్యాయుడు చలించిపోయాడు. చెట్టుకు వేలాడే దేహాలను వింత పండ్లతో పోల్చి ఆయన వ్రాసిన కవిత 1937లో ఉపాధ్యాయ సంఘపు పత్రికలో అచ్చయింది. దానికి ఆయనే స్వరం కూర్చాడు. అదే 'స్ట్రేంజ్ ఫ్రూట్'.

1939లో హాలిడే ఆ గీతాన్ని న్యూయార్కులోని 'కెఫే సొసైటీ'లో ఆలపించింది. నల్లవారూ తెల్లవారూ ఒకే చోట కూర్చొనగలిగిన అరుదైన వేదిక అది. ఇది చివరి పాటగా ఉండేది. వడ్డన ఆగిపోయేది. దీపాలన్నీ ఆరి, ఆమె ముఖంపై ఒక్క వెలుగు మాత్రం నిలిచేది. పాట ముగియగానే అంతా చీకటి. దీపాలు వెలిగేసరికి వేదిక శూన్యం. చప్పట్లు ఎంతగా మ్రోగినా ఆమె తిరిగి వచ్చేది కాదు.

ఆమె పాటలు విడుదల చేస్తున్న కొలంబియా సంస్థ దీనిని రికార్డు చేయ నిరాకరించింది. కమొడోర్ అనే చిన్న సంస్థ ముందుకు రాగా 1939 ఏప్రిల్ 20న రికార్డింగు జరిగింది. పలు రేడియో కేంద్రాలు ప్రసారం చేయకపోయినా ప్రజలు రికార్డులు కొని విన్నారు.

హాలిడే జీవితంలో మచ్చలు లేకపోలేదు. మాదకద్రవ్యాలకు బానిసై 1947లో జైలుకు వెళ్ళింది. మరుసటి ఏడు కార్నెగీ హాలు ఆమె కోసం కిక్కిరిసిపోయింది. కాని న్యూయార్కులో మద్యం అమ్మే వేదికలపై పాడే అనుమతి ఆమెకు మరి దక్కలేదు. ఉపాధి కుంగినా ఆ గీతాన్ని మాత్రం విడువలేదు. చివరకు ఆసుపత్రి మంచంపైననే నిర్బంధానికి గురై, 1959 జూలై 17న నలభై నాలుగేళ్ళకే కన్నుమూసింది.

1999లో టైమ్ పత్రిక ఈ గీతాన్ని శతాబ్దపు ఉత్తమ గీతంగా ఎన్నుకొన్నది. మూకహత్యలను ప్రత్యేక నేరంగా పరిగణించే జాతీయ చట్టం అమెరికాలో 2022లో గాని రాలేదు. చట్టం కంటె ఎనభై మూడేళ్ళు ముందుగా ఒక స్త్రీ కంఠం ఆ నేరాన్ని పేరు పెట్టి పిలిచిందన్నమాట. చిన్న పత్రికలో అచ్చయిన ఒక ఉపాధ్యాయుని కవితకు అంతటి బలం చేకూర్చినది ఆమె ధైర్యమే. కలం పట్టే విద్యార్థులూ, గళం విప్పే విద్యార్థులూ ఈ సంగతి గుర్తుంచుకోదగినదని మా విశ్వాసం.