రాతిలో దాగిన చమురు

థామస్ స్టెర్రీ హంట్ 1826లో అమెరికాలోని నార్విచ్ పట్టణంలో జన్మించాడు. పన్నెండో ఏట తండ్రి పోయాడు. పొట్టకూటికోసం అచ్చాఫీసులో, మందుల దుకాణంలో, పుస్తకాల కొట్టులో పనిచేశాడు. అయినా చదువుపై మక్కువ తగ్గలేదు. యేల్‌లో రసాయనశాస్త్రం నేర్చి, 1847లో కెనడా భూవిజ్ఞాన సర్వేలో రసాయనవేత్తగా చేరాడు.

1859లో పెన్సిల్వేనియాలో బావి తవ్వగా రాతిపొరల్లో చమురు పడింది. అది ఎలా పుట్టిందన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. లోతులోని రాళ్ళు వేడెక్కగా వెలువడిన ఆవిరి, పైకి వచ్చి చల్లారి చమురైందని కొందరు తలచారు. హంట్ ఒప్పుకోలేదు. చమురు ఊరే సున్నపురాళ్ళను స్వయంగా పరీక్షించాడు. ప్రాచీన సముద్రజీవుల అవశేషాలు ఆ రాతిలోనే చమురుగా మారాయని వాదించాడు. రాతిపొరలు విల్లులా పైకి వంగినచోట చమురు చేరుతుందని 1861లోనే వివరించాడు.

1892లో ఆయన కన్నుమూశాడు. తరువాతి పరిశోధనలు ఆయన వాదాన్ని కొంత సరిదిద్దాయి. చమురు జీవుల అవశేషాలనుంచే పుడుతుంది. కాని అందుకు భూగర్భంలోని వేడి కావాలి. సాధారణంగా అది పుట్టేది మెత్తని బురద గట్టిపడి ఏర్పడిన రాళ్ళలో. అక్కడినుంచి కదిలి, సూక్ష్మరంధ్రాలున్న సున్నపురాయిలోనో ఇసుకరాయిలోనో నిలుస్తుంది. మహారాష్ట్ర తీరానికి దూరంగా, అరేబియా సముద్రంలో 1974లో కనుగొన్న బొంబాయి హై చమురు కూడా ముఖ్యంగా సున్నపురాతి పొరల్లోనే ఉంది.

హంట్ వాదమంతా నిలవలేదు. అయినా వంగిన పొరల్లో చమురు వెదకాలన్న ఆయన ఆలోచన నేటికీ అన్వేషకులకు దారి చూపుతోంది.